చైర్మన్ గారు లోపల లేరు

పక్క కంపెనీ కంప్యూటర్లకు ఎవరో తాళం వేశారన్న వార్త నీలివల సీఫుడ్స్ చైర్మన్ దండు వెంకటపతిరాజు గారికి టిఫిన్ దగ్గర అందింది. ఎక్కడో దేశంకాని దేశంలో కూర్చున్నవాడెవడో తీగల వెంట పాక్కుంటూ వచ్చి, ఆ కంపెనీ లెక్కలూ ఆర్డర్లూ సమస్తం మూటగట్టేసి, ముడి విప్పాలంటే ఇంత సమర్పించుకోమని బేరం పెట్టాడట. ఆ కంపెనీ యజమాని రాజు గారికి స్వయానా బావమరిది. కాబట్టి ఆయన ముందు కాసేపు సంతోషించి, తర్వాత భయపడ్డారు. సంతోషం మధ్యాహ్నానికి చల్లారింది. భయం మాత్రం ఉండిపోయింది.

భీమవరం దాటి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద, చెరువుల నడుమ ఉంటుంది నీలివల. కంపెనీ కనబడకముందే వాసన వస్తుంది. చుట్టుపక్కల చెరువుల్లో పట్టుబడి అయిన రొయ్యలన్నీ ఐసు పెట్టెల్లో అక్కడికి చేరతాయి. ఆడవాళ్ళు బారులు తీరి నిలబడి తలలు తీస్తారు, పొట్టు వలుస్తారు. కడిగి, గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో సర్ది ఓడెక్కిస్తారు. రొయ్య ఎవరి కోసమూ ఆగే పదార్థం కాదు. జనరల్ మేనేజర్ గుబ్బల మంగతాయారుకు ఈ సంగతి తెలుసు కాబట్టి పనంతా నోటితోనే నడిపేది. ఏ చెరువు సరుకు ముందు దిగాలో, ఏ లారీ ఎటు పోవాలో ఒక కేకతో తేలిపోయేది. కంపెనీలో కంప్యూటర్లు లేకపోలేదు. వాటి మీద దసరానాటి పసుపు బొట్లు ఇంకా ఉన్నాయి. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్, రాజు గారి మనవరాలి పేరు. ఆ పేరు తెలియనివాళ్ళు కంపెనీలో లేరు, ఆ పిల్ల బారసాల భోజనం అందరూ తిన్నవాళ్ళే.

భయం తీర్చుకోవడానికి రాజు గారు హైదరాబాద్ వెళ్ళారు. అక్కడొక పెద్ద హోటల్లో వ్యాపార సంస్థల నెట్‌వర్క్ భద్రత మీద సదస్సు జరుగుతోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విన్నారు. ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకపోయే కొద్దీ భయం పెరిగింది, భయం పెరిగే కొద్దీ చెప్పేవాళ్ళ మీద గౌరవం పెరిగింది. తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లో ఆయన పక్కన కోటంరాజు ప్రద్యుమ్న కూర్చుని ఉన్నాడు. ముఖ్య సమాచార భద్రతాధికారి అని అతని హోదా. లోకంలో అలాంటి హోదా ఒకటుందని నీలివలలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ప్రద్యుమ్న నెమ్మదస్తుడు. గొంతు పెంచడు, విసుక్కోడు. చాలా చదువుకున్నాడు, చదివిందంతా మనస్ఫూర్తిగా నమ్మాడు. కంపెనీలో అతను నమ్మినది అదొక్కటే. కొన్నాళ్ళు చేతిలో పలకలాంటి కంప్యూటర్ పట్టుకుని షెడ్లన్నీ తిరిగి, చివరికి అధికారులందరినీ సమావేశపరిచాడు.

"సంస్థను ఆసాంతం పరిశీలించాను," అన్నాడు. "ఇక్కడ చాలా తీవ్రమైన భద్రతా లోపం ఒకటి ఉంది. అందరూ ఒకరినొకరు నమ్ముతున్నారు."

రాజు గారు సిగ్గుతో తల దించుకున్నారు.

ప్రద్యుమ్న బోర్డు మీద 'జీరో ట్రస్ట్' అని రాశాడు. నమ్మకం సున్నా అన్నమాట. పాతకాలంలో కోటగోడ కట్టి, లోపలున్నవాళ్ళను మనవాళ్ళని అనుకునేవారని, అది అనాగరికమని వివరించాడు. కొత్త సిద్ధాంతం ప్రకారం లోపలా బయటా తేడా లేదు, మనవాళ్ళంటూ ఎవరూ లేరు. ప్రతి మనిషినీ ప్రతి పనికీ ప్రతిసారీ పరీక్షించి, అప్పటికి సరిపడా మాత్రమే అనుమతించి, వెంటనే మరిచిపోవాలి.

పదహారేళ్ళుగా ఆ గేటులోంచే వస్తున్నాను, నేనెవరో మీకు తెలుసు కదండి అని మంగతాయారు అడిగింది.

"తెలుసన్నది నా వ్యక్తిగత అభిప్రాయం మేడం," అన్నాడు ప్రద్యుమ్న మర్యాదగా. "వ్యవస్థ దృష్టిలో మీరు ఒక అభ్యర్థన."

మొట్టమొదట గేటు దగ్గర వేలిముద్రల యంత్రం వెలిసింది. రాజు గారు కొబ్బరికాయ కొట్టి, తన బొటనవేలు పెట్టి ప్రారంభించారు. యంత్రం పచ్చగా వెలిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత రొయ్యలు వలిచే ఆడవాళ్ళు వరసగా వేళ్ళు పెట్టారు. ఏళ్ళ తరబడి ఐసు నీళ్ళలో నానిన వేళ్ళవి. గీతలు అరిగిపోయి గోలీకాయల్లా నున్నగా ఉన్నాయి. యంత్రం ఒక్కొక్కరికీ ఎర్రగా వెలిగింది. వరస రోడ్డు మీదికి పాకింది. లోపల పెట్టెల్లో ఐసు కరగడం మొదలైంది.

వాళ్ళలో పెద్దదైన అప్పాయమ్మను ప్రద్యుమ్న పక్కకు పిలిచి వేలిముద్రలు ఏమయ్యాయని విచారించాడు.

"ఏవయ్యిందంటే ఏం సెప్తాం బాబూ," అంది అప్పాయమ్మ. "మీ రొయ్యలే తినేసినియ్యి."

వేలిముద్రలు లేని మూడు వందల మంది ఒకేచోట పనిచేయడం తన వృత్తి జీవితంలో ఎన్నడూ చూడలేదని, ఇది వ్యవస్థీకృత ముఠాల లక్షణమని ప్రద్యుమ్న నివేదిక రాశాడు. అయినా ఉదారుడు కాబట్టి వేలికి బదులు ముఖం చూపించడానికి ఒప్పుకున్నాడు. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. తినే సరుకు కాబట్టి షెడ్డులోకి వెళ్ళేవాళ్ళు ముక్కూ మూతీ కప్పుకోవాలని విదేశీ కొనుగోలుదారుల నియమం. ముఖం కనబడితే వాళ్ళు ఒప్పుకోరు, కనబడకపోతే ప్రద్యుమ్న ఒప్పుకోడు. చాలా చర్చల తర్వాత షెడ్డు గుమ్మంలో ఒక గూడు కట్టారు. అందులో నిలబడి మాస్కు దించి, కెమెరాకు ముఖం చూపించి, మళ్ళీ మాస్కు పెట్టుకోవాలి. మాస్కు ముట్టుకున్నారు కాబట్టి చేతులు కడుక్కోవాలి. పంపు గూటికి బయట ఉంది. కడుక్కుని తిరిగొస్తే కొత్తగా వచ్చినట్టే లెక్క, మళ్ళీ ముఖం చూపించాలి. ముఖం కోసం మాస్కు ముట్టుకుంటే మళ్ళీ చేతులు. అప్పాయమ్మ అలా కాసేపు తిరిగి, మొక్కు తీరిందనుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు మంగతాయారు పంపును గూటి లోపలికి జరిపించింది. నీటి సరఫరాలో అనధికార మార్పు జరిగిందని ఆమెకు మెమో వచ్చింది.

తర్వాత ఫిషింగ్ వచ్చింది. దొంగ మెయిలు పంపి, నొక్కమని ఆశపెట్టి, నొక్కినవాడి గుట్టంతా లాగేయడాన్ని కంప్యూటర్ల వాళ్ళు ఫిషింగ్ అంటారు. ప్రద్యుమ్న ఫిషింగ్ నిర్మూలన వారోత్సవాలు ప్రకటించాడు. గేటు మీద పెద్ద బ్యానరు కట్టించాడు. 'ఫిషింగ్ నేరం. ఫిషింగ్ చేయువారి ఆచూకీ తెలిపినవారికి తగిన బహుమతి.'

సముద్రపు చేపలు తెచ్చే వ్యాన్ల వాళ్ళు గేటు ముందు ఆగి దాన్ని కూడబలుక్కుని చదివారు. చాలామంది బండి వెనక్కి తిప్పారు. ఒకడు ఇంటికి పోయి, గొడవ సద్దుమణిగేదాకా పడవ తీయొద్దని తండ్రికి చెప్పాడట. ఇంకొకడు మాత్రం ధైర్యంగా లోపలికి వచ్చి, తమ పక్క పేటలో నూట యాభై ఇళ్ళవాళ్ళు రోజూ ఇదే పని చేస్తున్నారని, పేర్లన్నీ చెబుతానని, బహుమతి సంగతి తేల్చమని కూర్చున్నాడు.

ఉద్యోగులను పరీక్షించడానికి ప్రద్యుమ్న తనే దొంగ మెయిళ్ళు పంపాడు. ఉచిత బిర్యానీ గెలుచుకున్నారని ఒకటి పంపితే ఆఫీసంతా నొక్కింది. నొక్కినవాళ్ళందరికీ శిక్షణ తరగతి పడింది. చైర్మన్ పేరుతో 'వెంటనే చూడండి' అని ఇంకొకటి పంపాడు. చైర్మన్ కదా అని చూసినవాళ్ళకు రెండో తరగతి పడింది. దాంతో చైర్మన్ మెయిళ్ళు చూడటం మానేశారు. మరి రెండు రోజులకు ఏ మెయిలూ చూడటం మానేశారు. వారోత్సవాల ముగింపు సభలో, మొదటి నుంచీ ఒక్క మెయిలు కూడా తెరవని అకౌంటెంట్ సోమయాజులు గారికి శాలువా కప్పి 'సైబర్ రక్షక' బిరుదిచ్చారు. తాను అంతకుముందు కూడా ఏనాడూ తెరవలేదని, ఇన్నాళ్ళకు గుర్తించే నాథుడు దొరికాడని ఆయన గద్గద స్వరంతో చెప్పారు.

ఈ వ్యవధిలో బెల్జియం నుంచి ఒక పాత కొనుగోలుదారు పెద్ద ఆర్డరు పంపాడు. తర్వాత గుర్తుచేస్తూ ఒకటి, కోపంగా ఒకటి, చివరికి సెలవు తీసుకుంటూ ఒకటి రాశాడు. నాలుగు దాడులను విజయవంతంగా తిప్పికొట్టామని ఆ నెల నివేదికలో ఉంది.

రాజు గారికి అనుమానం రాలేదని కాదు. ఒకరోజు మంగతాయారును పిలిచి, సరుకు కదలడం లేదేమిటని అడిగారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చాలాసేపు గడ్డం రాసుకున్నారు. నిజమేనండి, కానీ మనకి తెలీదు కదా, ఆయన చదువుకున్నాడు కదా అన్నారు. చెరువులో మందు వెయ్యాలన్నా చదువుకున్నవాణ్ణే అడుగుతాం కదా అని కూడా అన్నారు. మంగతాయారు తిరిగి షెడ్డుకు వచ్చేసింది. ఆ మాటలో నిజాయితీ ఉంది, దానితో పోట్లాడటం కష్టం.

ఇక మిగిలింది శీతల గది. గడ్డకట్టించిన సరుకు ఓడ ఎక్కేదాకా ఉండేది అక్కడే. లోపల ఊపిరి వదిలితే మీసాల మీద మంచు పడుతుంది. దానికి ప్రద్యుమ్న బ్యాంకు ఖజానాలకు పెట్టేలాంటి తలుపు తెప్పించాడు. కార్డు చూపాలి, ముఖం చూపాలి, ఎంతమంది వెళ్ళారో ఎంతమంది వచ్చారో తలుపే లెక్కపెడుతుంది. సరుకు పూర్తిగా చేరాక సీలు పడుతుంది. ఆ తర్వాత లారీ వచ్చేదాకా ఎవరి కార్డుకూ తెరుచుకోదు. తప్పనిసరి పరిస్థితి వస్తే చైర్మన్ గారి ఫోనుకు ఒక అంకె వెళుతుంది. ఆ అంకె కొడితేనే తెరుచుకుంటుంది.

పాత తలుపుకు లోపలి వైపు ఒక ఎర్ర పిడి ఉండేది. ఎవరైనా పొరపాటున లోపల ఉండిపోతే తోసుకుని బయటపడటానికి. కొత్త తలుపుకు కూడా తయారుచేసినవాళ్ళు అలాంటిదే ఒకటి పెట్టారు. ప్రద్యుమ్న దాన్ని చూసి నిర్ఘాంతపోయాడు. ఎవరి గుర్తింపూ అడగకుండా ఎవరు తోసినా తెరుచుకునే ఏర్పాటు అది. దొంగలు దూరడానికి వ్యవస్థలో ఉండిపోయే ఇలాంటి సందును బ్యాక్‌డోర్ అంటారని, తక్షణం తొలగించాలని రాశాడు.

అది వెనక తలుపు కాదండి, ముందు తలుపేనని మంగతాయారు చెప్పి చూసింది. మనిషి లోపల చిక్కుకుపోతే ఎలాగని అడిగింది.

"లోపల ఎవరైనా ఉంటే వ్యవస్థకు తెలుస్తుంది మేడం, సీలు పడదు. సీలు పడిందంటే లోపల ఎవరూ లేనట్టే. ఎవరూ లేనప్పుడు ఎవరు చిక్కుకుంటారు?"

ఆ తర్కం విని రాజు గారు ముచ్చటపడి సంతకం చేశారు. పిడి ఊడదీసి, ఆ కన్నానికి ఇనప బిళ్ళ అతికారు.

నెలాఖరుకు నీలివల చేతిలో ఒకే ఒక ఆర్డరు మిగిలింది. ఆ కంటెయినరు వెళ్ళకపోతే కంపెనీ షట్టర్లు దించుకోవలసిందే. సరుకు ఎంత చేరిందో చూద్దామని రాజు గారు కంప్యూటర్ ముందు కూర్చుంటే, మీరు చాలాసేపు కదలకుండా ఉన్నారు కాబట్టి మీరు మీరేనని రుజువు చేసుకోమంది. ఆయనకు విసుగొచ్చింది. టీ ఇచ్చి వెళుతున్న మనిషి తలుపు తీసినప్పుడు ఆమె వెనకే బయటికి వచ్చేశారు. ఆయన ఆఫీసు గదిలోకి వెళ్ళినట్టు వ్యవస్థకు తెలుసు, వచ్చినట్టు తెలియదు. షెడ్లలో ఫోన్లు నిషేధం కాబట్టి ఆయన ఫోను పొద్దుటే గేటు దగ్గర పెట్టెలోకి వెళ్ళింది.

శీతల గది దగ్గర సత్తిబాబు అనే పనివాడు ఆఖరి ట్రాలీ తోస్తున్నాడు. తల కన్నా ఎత్తుగా పేర్చిన అట్టపెట్టెల అవతలి పక్కన రాజు గారు తనతోపాటు లోపలికి నడిచిన సంగతి అతనికీ తెలియదు, తలుపుకూ తెలియదు. రాజు గారు అరల వెనక్కి వెళ్ళి పెట్టెల మీది చీటీలు చూసుకుంటున్నారు. సత్తిబాబు ట్రాలీ దించి బయటికొచ్చాడు. తలుపు ఒకరు వెళ్ళారు, ఒకరు వచ్చారు అని లెక్క సరిచూసుకుంది. సరుకు పూర్తయింది. సీలు పడింది.

దబదబమన్న చప్పుడు ముందు విన్నది అప్పాయమ్మ. ఆమె కేకేస్తే మంగతాయారు పరుగెత్తుకొచ్చింది. తలుపుకు చెవి ఆనించి వింది. కార్డు పెట్టింది, తలుపు ఒప్పుకోలేదు. ప్రద్యుమ్న కోసం మనిషిని పంపింది. అతను పలక పట్టుకుని వచ్చాడు, కాస్త వేగంగానే వచ్చాడు.

"గది ఖాళీగా ఉంది," అన్నాడు పలక చూసి.

"ఖాళీ గది తలుపు కొడుతోందాండి?"

లోపలి నుంచి సన్నగా వినబడింది. "నేనండి, వెంకటపతిని. తలుపు తియ్యండి. చచ్చిపోతన్నాను."

మంగతాయారు రెండు చేతులతో తలుపు గుంజింది. చైర్మన్ గారికి అరవై దాటింది, షుగరుంది, ఒంటి మీద పల్చటి ఖద్దరు చొక్కా. ప్రద్యుమ్న మాత్రం ఒక వేలు పైకెత్తి అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నాడు.

"చైర్మన్ గారు లోపల లేరు. ఆఫీసు గదిలో ఉన్నారు, ఇదిగో రికార్డు. ఇప్పుడు ఈ గొంతును గమనించండి. పెద్ద హోదాలో ఉన్న వ్యక్తి పేరు చెబుతోంది. తొందర పెడుతోంది. భయపెడుతోంది. మూడు లక్షణాలూ ఉన్నాయి. దీన్ని సోషల్ ఇంజనీరింగ్ అంటారు. తరగతిలో చెప్పుకున్నాం."

ఆమె అతని చొక్కా పట్టుకోబోయి ఆగింది. ఆ గొంతు ఎవరిదో మీరే పరీక్షించుకోండి, త్వరగా కానివ్వండి అంది. అది న్యాయమైన కోరికేనని ప్రద్యుమ్న ఒప్పుకున్నాడు. చైర్మన్ గారి ఖాతాలో నమోదై ఉన్న రహస్య ప్రశ్న వెతికి, తలుపు దగ్గర నోరు పెట్టి అడిగాడు.

"మీ మొట్టమొదటి పెంపుడు జంతువు పేరేమిటి సార్?"

లోపలి నుంచి "గేదె," అని వినబడింది.

"జంతువు కాదు సార్, పేరు."

"గేదెకి పేరేంటయ్యా. నల్లదని పిల్చేవోళ్ళం."

ప్రద్యుమ్న 'నల్లది' అని కొట్టాడు. తప్పంది. ఆ సమాధానం రాజు గారి తరఫున ఆఫీసులో ఎవరో గుమాస్తా నింపాడు, తనింటి కుక్క పేరు రాశాడు. రాజు గారు తెలిసిన గేదెల పేర్లు, ఎద్దుల పేర్లు చెప్పుకుంటూ పోయారు. మూడు తప్పులయ్యాక పలక తెర ఎర్రబడి, అరగంట దాకా ఇంకో ప్రయత్నం కుదరదంది.

ఇక తప్పనిసరి పరిస్థితి కింద ఫోనుకు అంకె పంపారు. గేటు కాపలాదారు పరుగున వచ్చి, చైర్మన్ గారి పెట్టెలోంచి ఫోను మోగుతోందని చెప్పాడు. తెచ్చివ్వమంది మంగతాయారు. పెట్టె చైర్మన్ గారి వేలికి తప్ప తెరుచుకోదని అతను గుర్తుచేశాడు.

"ఆ వేలు ఈ గదిలో ఉందండి," అంది ఆమె ప్రద్యుమ్నతో.

"రికార్డు ప్రకారం ఆఫీసులో ఉంది."

ఆఫీసుకు పంపిన మనిషి తిరిగొచ్చి, గదిలో ఎవరూ లేరని, టీ చల్లారిపోయి ఉందని చెప్పాడు. ప్రద్యుమ్న ముఖం మొదటిసారి పాలిపోయింది.

"అంటే చైర్మన్ గారు కనబడటం లేదన్నమాట. ఇది ఇంకా తీవ్రమైన సంఘటన. అందరూ ఉన్నచోటే ఉండండి. ప్లాంటులో అన్ని తలుపులకూ తాళం వేస్తున్నాను."

టకటకమని చుట్టుపక్కల తలుపులన్నీ మూసుకున్న చప్పుడు వినబడింది. అది ఆగాక శీతల గది వైపు నుంచి కూడా ఏమీ వినబడలేదని మంగతాయారు గమనించింది. తలుపు కొట్టడం ఆగిపోయింది. ప్రద్యుమ్న కూడా గమనించాడు. పలక మీద ఏదో రాసుకున్నాడు.

"దాడి ఆగింది," అన్నాడు.

ఆ మాటతో ఆమెకు భయం పోయింది. వెనక్కి తిరిగి చూస్తే పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ మీద డ్రైవరు అబ్బులు నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు ఉక్కుది. దాని చుట్టూ ఉన్న గోడ రెండు పల్చటి రేకుల మధ్య నురుగు నింపినదే. ఈ సంగతి కంపెనీలో అందరికీ తెలుసు. గోడ గురించి ఎవరూ ఎవరినీ అడగలేదు, అంతే.

"గోడ పొడిచెయ్," అంది మంగతాయారు.

"ఎవరు పొడవమన్నారంటే ఏం చెప్పాలండి?" అన్నాడు అబ్బులు.

"నా పేరు చెప్పు."

ఫోర్క్‌లిఫ్ట్ ఇనపకొమ్ములు గోడలోకి పుచ్చకాయలోకి కత్తిలా దిగాయి. అబ్బులు రెండుసార్లు వెనక్కి లాగి పొడిచేసరికి మనిషి పట్టేంత దారి పడింది. మంగతాయారు వంగి లోపలికి దూరింది. రాజు గారు పెట్టెల మధ్య మోకాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. కనుబొమల మీద మంచు పట్టింది. పిలిస్తే పలకలేదు. ఆమె, అబ్బులు కలిసి చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చారు. ఆడవాళ్ళు ఆయన్ని తలుపులు లేని లారీల వసారా మీదుగా ఎండలోకి మోసి, గోనెసంచులు కప్పి, అరికాళ్ళు రుద్దారు. అప్పాయమ్మ మాస్కు పీకి అవతల పారేసి, ఆయన చేతుల మీద నోటితో వేడి ఊదింది. అంబులెన్సు వచ్చేలోపు ఆయన కళ్ళు తెరిచారు. అప్పటిదాకా నిలబడ్డ మంగతాయారు ఉన్నచోటే నేల మీద కూలబడి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

రాజు గారు గ్లాసుడు టీ రెండు చేతులతో పట్టుకుని, దూరంగా ఆ తలుపు వైపు చాలాసేపు చూశారు.

"తియ్యలేదు కదండి," అన్నారు చివరికి. "నాకే తియ్యలేదు."

ఆ గొంతులో ఉన్నది బాధో, గర్వమో అక్కడున్నవాళ్ళకు తేలలేదు.

ప్రద్యుమ్నను ఆ సాయంత్రమే బస్సెక్కిస్తారని అందరూ అనుకున్నారు. కానీ నియమం ప్రకారం సంఘటన మీద విచారణ జరగాలి. హైదరాబాద్ నుంచి ముగ్గురు నిపుణులు వచ్చారు. అన్నీ చూసి, అందరినీ అడిగారు. రాజు గారిని కూడా పిలిచారు కానీ సాక్షిగా తీసుకోలేకపోయారు. రికార్డు ప్రకారం సంఘటన జరిగిన సమయంలో ఆయన ఆఫీసు గదిలో ఉన్నారు, శీతల గదిలో ఏం జరిగిందో చెప్పే అవకాశం ఆయనకు లేదు. నివేదిక స్పష్టంగా ఉంది. తలుపు నూటికి నూరుపాళ్ళూ తన ధర్మం నిర్వర్తించింది. లోపం గోడలో ఉంది, దానికి ఏ విధానమూ రాయలేదు. ఇక జనరల్ మేనేజర్ పట్టపగలు అందరూ చూస్తుండగా యంత్రంతో గోడ ఛేదించి రక్షిత ప్రాంతంలోకి చొరబడింది. ఇంటిదొంగల వల్ల కలిగే ప్రమాదానికి ఇంతకన్నా ఉదాహరణ ఉండదు. ఆమె కార్డు రద్దు చేయాలి.

భీమవరం పేపర్లో 'యజమానినే ఆపిన తలుపు' అని ఫోటోతో వార్త పడింది. దాన్ని చదివి బీమా కంపెనీ అభినందిస్తూ రాసింది. కొత్త కొనుగోలుదారులు ఇద్దరు ఫోన్ చేసి, ఇంత భద్రంగా ఉన్న రొయ్య తమకు కావాలన్నారు. ఈ పరిస్థితిలో ప్రద్యుమ్నను పంపించడం ఎవరి వల్లా కాలేదు.

నివేదిక అందిన రోజు రాజు గారు స్వయంగా మంగతాయారు ఇంటికి వెళ్ళారు. ఆమె కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఒక్కటే చెప్పండి రాజు గారూ," అంది. "మిమ్మల్ని బయటికి లాగడం నేరవేనా?"

"కాయితం మీద నేరవేనండి," అన్నారాయన. "మీరా నేరం చెయ్యకపోతే ఇలా అనడానికి నేనుండేవోణ్ణి కాదు. అది నాకు తెలుసు. వాళ్ళ ముందు అనలేకపోయాను. అన్నా రాసుకోలేదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆమెకు కోపం పూర్తిగా పోలేదు. కంటెయినరు సంగతేమిటని అడిగింది. సరుకు లోపలే ఉందని, తలుపు ఇంకా ఎవరినీ రానివ్వడం లేదని, గోడ కన్నానికి కుక్కిన గోనెసంచుల్లోంచి చల్లదనం పోతోందని ఆయన చెప్పారు. మంగతాయారు చెప్పులేసుకుంది.

కార్డు లేని మనిషి కాబట్టి ఆమె గేటులోంచి కాకుండా వెనక చెరువు గట్టు మీదుగా వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా కన్నం ముందు నిలబడి ఉన్నారు. చల్లదనం పోకుండా గోడ కన్నానికి దళసరి ప్లాస్టిక్ పట్టీల తెర వేయించింది. తెర తప్పించుకుని లోపలికి వెళ్ళింది. ఆ దారిన కంటెయినరు నిండింది, ఓడ దాకా వెళ్ళింది. మర్నాటి నుంచి అందరికీ అదే దారి అయింది. వేలు అడగదు, ముఖం అడగదు, గేదె పేరు అడగదు. సరుకు మునుపటిలా కదిలింది. పోయిన ఆర్డర్లు కొన్ని తిరిగొచ్చాయి. మంగతాయారు రికార్డుల్లో కంపెనీ మనిషి కాదు. జీతం మాత్రం గోడ నిర్వహణ పద్దు కింద అందేది.

తలుపు వైపు ఎవరూ వెళ్ళకపోవడంతో ప్రద్యుమ్న పలక మీద గీత నేలబారుగా, నున్నగా సాగింది. చొరబాటు ప్రయత్నాలు సున్నా. తప్పుడు గుర్తింపులు సున్నా. అసలు ఏ రకమైన కదలికా సున్నా. ఇంతటి ప్రశాంతత దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ నమోదు కాలేదని మరుసటి సదస్సులో అతనికి పురస్కారం ఇచ్చారు. రాజు గారు కూడా వేదికెక్కి దండ వేయించుకున్నారు. ఆ ఉత్సాహంలో, కావలిస్తే వచ్చి కళ్ళారా చూడండని సభలో అందరినీ ఆహ్వానించేశారు.

వాళ్ళు నిజంగానే వచ్చారు. సూట్లు వేసుకున్న పెద్దమనుషులు ఒక బస్సు నిండా దిగారు. ప్రద్యుమ్న వాళ్ళను తలుపు ముందు నిలబెట్టి దాని గుణగణాలు చెప్పాడు. వాళ్ళు ఫోటోలు తీసుకున్నారు, ఉక్కును వేళ్ళతో తట్టి చూశారు. అంతా అయ్యాక వాళ్ళలో పెద్దాయన ఒకరు, అంత దూరం వచ్చాం కదా, లోపల ఎలా ఉంటుందో ఒకసారి చూపించమన్నారు.

ప్రద్యుమ్న తలుపు వైపు చూశాడు. రాజు గారు ప్రద్యుమ్న వైపు చూశారు. ఆ తర్వాత ఆయన చొక్కా సర్దుకుని, ఇటు రండి అంటూ అతిథులందరినీ గోడ వెంబడి పక్కకు నడిపించారు.

అక్కడ మంగతాయారు ప్లాస్టిక్ తెర ఒక చేత్తో పక్కకు తొలగించి పట్టుకుని నిలబడి ఉంది.

"కాస్త తల వంచి రండి," అంది. "రేకు గీసుకుంటాది."